తక్కువ ధరలో టర్న్‌టేబుల్: కొత్తది కొనాలా, పాతది వెతకాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

బడ్జెట్ పాతిక వేలు. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

రికార్డుల దగ్గర. మిషను (రికార్డు పెట్టి తిప్పే టర్న్‌టేబుల్) సంగతి తర్వాత. చాలామంది ముందు మిషను కొనేస్తారు, ఇంటికొచ్చాక అటక మీది పెట్టె దించితే అందులో సగం 78లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులు) బయటపడతాయి, కొన్నదానికేమో 33, 45 తప్ప ఇంకో వేగం ఉండదు. కాబట్టి ఆ పెట్టె ఇప్పుడే దించండి. రికార్డు మధ్యనున్న కాగితం లేబుల్ మీద వేగం రాసి ఉంటుంది. రాసింది చెరిగిపోయినా గుర్తుపట్టొచ్చు: బరువుగా, పెళుసుగా ఉండి వైపుకి ఒకే పాట, మూడు నిమిషాల చిల్లర ఉంటే అది 78. అవి లక్క కలిపి చేసినవి, కింద పడితే ముక్కలే. పన్నెండు అంగుళాలది, పట్టుకుంటే కాస్త వంగేది, వైపుకి ఇరవై నిమిషాల దాకా వచ్చేది ఎల్పీ. ఏడంగుళాల చిన్నది ఈపీ, సాధారణంగా 45 మీద తిరుగుతుంది. సాధారణంగా అని ఎందుకన్నానంటే, హెచ్‌ఎంవీ వాళ్లు ‘సూపర్ 7’ పేరుతో అదే సైజులో 33వి కూడా వేశారు. లేబుల్ చూడకుండా వేస్తే గాయకుడు తరుముకొస్తున్నట్టు పాడతాడు.

మన ఇళ్లలో ఈ మూడు రకాలూ కలిసే ఉంటాయి. అమెరికాలో ఎల్పీ 1948లో, 45 రికార్డు 1949లో వచ్చేశాయి, కానీ కలకత్తా పక్కన డమ్‌డమ్‌లోని గ్రామఫోన్ కంపెనీ ఫ్యాక్టరీ 1960ల్లో కూడా 78లు వేస్తూనే ఉంది. అందుకే ఘంటసాల తొలినాళ్ల పాటలు, పద్యనాటకాలు, హరికథలు ఎక్కువగా 78ల మీద దొరుకుతాయి, ఆ తర్వాతి సినిమా పాటలు ఈపీల మీద, ఇంకా తర్వాతివి ఎల్పీల మీద. మీ పెట్టెలో ఏది ఎక్కువుందో దాన్ని బట్టి మిషను. కింద రాసినదంతా ఆ లెక్క తేలాక చదివితేనే పనికొస్తుంది.

నా దగ్గర ఎల్పీలు, ఈపీలు మాత్రమే ఉన్నాయి. రిపేర్ల గొడవ వద్దు. ఏది కొనాలి?

కొత్తది, ఆటోమేటిక్‌ది, చిన్నది. ఆడియో-టెక్నికా ఎల్పీ60ఎక్స్ అనేది చాలామంది మొదటి మిషను, ఊరికే కాలేదు. బటన్ నొక్కితే ఆర్మ్ (కొసన ముల్లు ఉండే కడ్డీ) దానంతటదే వెళ్లి రికార్డు మీద వాలుతుంది, అయిపోగానే వెనక్కొస్తుంది, కాబట్టి చేయి వణికే పెద్దవాళ్లు కూడా భయం లేకుండా వాడొచ్చు. ఫోనో ప్రీయాంప్ (ఇదేంటో కింద చెబుతాను) లోపలే ఉంది. ధర అటూ ఇటూగా పదిహేను, ఇరవై వేల మధ్య. దీనికున్న పరిమితి ఏంటంటే కార్ట్రిడ్జ్ (ముల్లుని పట్టుకుని, దాని అదురుని కరెంటు సంకేతంగా మార్చే భాగం) మార్చలేరు, ముల్లు ఒక్కటే మార్చగలరు, ముల్లు రికార్డు మీద మోపే బరువు సరిచేసుకునే వీలు కూడా లేదు. అంటే ఎలా వచ్చిందో అలాగే వాడుకోవాలి, తర్వాత మెరుగుపరుచుకోవాలంటే మిషనే మార్చాలి.

అదే కంపెనీ ఎల్పీ70ఎక్స్ కూడా ఆటోమేటిక్కే, ఇంకొంచెం డబ్బు ఎక్కువ. అందులో వీఎం95 రకం కార్ట్రిడ్జ్ వస్తుంది. ఈ వీఎం95 సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ వస్తుంది: ఆ వంశంలో మామూలు గుండ్రటి మొన నుంచి ఖరీదైన మొనల దాకా ముళ్లన్నీ ఒకే కార్ట్రిడ్జ్ ఒంటికి సరిపోతాయి. ముందు చౌకదానితో మొదలుపెట్టి, చేతిలో డబ్బులున్నప్పుడు మంచి ముల్లు ఒక్కటి కొని లాగి తొడుక్కోవడమే, స్క్రూడ్రైవర్‌తో కూడా పనిలేదు.

నలభై వేల దరిదాపుల్లో మొదలయ్యే రేగా ప్లానర్ 1 లాంటివి ధ్వనిలో నిజంగా ఒక మెట్టు పైన ఉంటాయి. కానీ అందులో ప్రీయాంప్ ఉండదు, ఆటోమేటిక్ కాదు, 33 నుంచి 45కి మారాలంటే పైన పళ్లెం తీసి బెల్టు చేత్తో జరపాలి. ఈపీలు ఎక్కువున్న ఇంట్లో ఆ పని రోజూ చేయాల్సి వస్తే విసుగొస్తుంది. ఎల్పీలు మాత్రమే వినేవాళ్లకి హాయిగా పెట్టొచ్చు.

ఐదారు వేలకి సూట్‌కేసులాంటి ప్లేయర్లు వస్తున్నాయి కదా, అవి చాలవా?

చూడ్డానికి బాగుంటాయి, స్పీకర్లు కూడా అందులోనే ఉంటాయి, 78 వేగం కూడా ఉంటుంది. కానీ చాలావాటిలో సిరామిక్ కార్ట్రిడ్జ్ ఉంటుంది, ముల్లు ఐదారు గ్రాముల బరువుతో రికార్డు మీద కూర్చుంటుంది. మంచి కార్ట్రిడ్జ్‌కి రెండు గ్రాములు చాలు. ఒక్కసారి వేస్తే రికార్డు పాడైపోతుందని బెదిరించే వాళ్ల మాట అతిశయోక్తే, కానీ మళ్లీ దొరకని తాతగారి రికార్డుని రోజూ దాని మీద అరగదీయడం ఎందుకు? పైగా స్పీకర్లు అదే పెట్టెలో ఉండటం వల్ల సౌండ్ కాస్త పెంచితే ముల్లు ఎగురుతుంది. పిల్లల గదిలో, పాడైనా పర్వాలేదనుకున్న రికార్డులకి సరే. అంతకు మించి వద్దు. ఆ డబ్బు దాచుకుని ఇంకో రెండు మూడు నెలలు ఆగండి.

ఫోనో ప్రీయాంప్ అంటే ఏంటి? లేకపోతే పాట రాదా?

వస్తుంది, కానీ పక్కింట్లోంచి వినబడుతున్నట్టు వస్తుంది, పల్చగా, బేస్ లేకుండా. కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే కరెంటు సంకేతం చాలా చిన్నది, మామూలు రకానికి నాలుగైదు మిల్లీవోల్టులు. దాన్ని పెంచాలి. అంతేకాదు, రికార్డు కోసేటప్పుడే బేస్‌ని తగ్గించి, కీచు శబ్దాల వైపుని పెంచి కోస్తారు, లేకపోతే బేస్‌కి గాడి మరీ వెడల్పయి ఎల్పీలో అన్ని పాటలు పట్టవు. వినేటప్పుడు దాన్ని తిరగేసి సరిచేయాలి. 1954 నుంచి దీనికి ఆర్‌ఐఏఏ అని ఒకే కొలత అమల్లో ఉంది. ఫోనో ప్రీయాంప్ ఈ రెండు పనులూ చేస్తుంది.

మీ ఇంట్లో నాన్నగారి కాలం యాంప్లిఫయర్ ఉంటే వెనక చూడండి, ‘ఫోనో’ అని రాసి పక్కనే చిన్న స్క్రూ ఉంటే అందులోనే ప్రీయాంప్ ఉన్నట్టు. ఇప్పటి సౌండ్‌బార్లకి, పవర్డ్ స్పీకర్లకి (యాంప్లిఫయర్ లోపలే ఉన్నవాటికి) మామూలుగా ఆక్స్ అనే మామూలు ఆడియో సాకెట్ మాత్రమే ఉంటుంది, అప్పుడు మిషనులోనే ప్రీయాంప్ ఉన్నది కొనాలి, లేదా విడిగా చిన్న డబ్బా తెచ్చుకోవాలి, బెహ్రింగర్ పీపీ400 లాంటివి ఆ పనికి చౌకగా వస్తాయి. రెండూ ఒకేసారి పెట్టొద్దు. ప్రీయాంప్‌లోంచి వచ్చినదాన్ని మళ్లీ ఫోనో సాకెట్‌లో గుచ్చితే ఇల్లు ఎగిరిపోయేలా చిరిగిన సౌండ్ వస్తుంది.

పాట లేని చోట ‘గుయ్...’ అని మోత వస్తుందా? మిషను వెనక నుంచి ఆడియో తీగలతో పాటు సన్నటి ఇంకో తీగ వస్తుంది, కొసన చీలిన రేకు ఉంటుంది. దాన్ని యాంప్లిఫయర్ వెనక స్క్రూ కింద బిగించండి. చాలాసార్లు అక్కడితో మోత ఆగిపోతుంది.

బెల్ట్ డ్రైవా, డైరెక్ట్ డ్రైవా?

ఈ ధరలో దీని మీద అంత చర్చ అనవసరం. మోటారు బెల్టుతో పళ్లెం తిప్పేవి నిశ్శబ్దంగా ఉంటాయి, కొన్నేళ్లకోసారి బెల్టు మార్చాలి. డైరెక్ట్ డ్రైవ్, అంటే మోటారే నేరుగా పళ్లెం తిప్పేది, వెంటనే వేగం అందుకుంటుంది, మార్చడానికి ఏమీ ఉండదు. డీజేలు వాడే టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఈ రెండో రకమే, 1972లో వచ్చింది, ఇప్పటికీ పాతవి మంచి ధర పలుకుతున్నాయి కాబట్టి మన బడ్జెట్‌లో దాని ఊసు వద్దు.

పాతది కొంటే చౌక కదా? క్వాలిటీ కూడా అప్పట్లోనే బాగుండేదంటారు?

క్వాలిటీ మాట నిజమే. 1970ల జపాన్ మిషన్లు, పయనీర్, టెక్నిక్స్, వాటి ఆర్మ్, బేరింగ్ ఇవాళ అదే ధరకి కొత్తవాటిలో రావు. చౌక అన్నదే అబద్ధం. కొన్న ధర మీద ముల్లు, బెల్టు, ఫోనో ప్రీయాంప్, మెకానిక్ ఖర్చు కలిపి చూడండి, ఎక్కువసార్లు కొత్త ఎల్పీ60ఎక్స్ ధరకి వచ్చేస్తుంది, కొన్నిసార్లు దాటిపోతుంది. రిపేరు మీద సరదా ఉన్నవాళ్లకీ, తెలిసిన మెకానిక్ ఉన్నవాళ్లకీ పాతది మంచి బేరం. పాట వింటే చాలు అనుకునేవాళ్లకి కొత్తదే మేలు. నా మాట ఇదే, దీనితో ఒప్పుకోనివాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లలో ఎక్కువమంది సొంతంగా సోల్డరింగ్ చేసుకోగలవాళ్లు.

హైదరాబాద్‌లో పాత సామాను కోసం ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమేరాత్ బజార్ తిరగొచ్చు. బొంబాయి వెళ్తే చోర్ బజార్. ఎక్కడైనా సరే, పొద్దున్నే వెళ్లాలి, కరెంటు పెట్టి చూపించమని అడగాలి. ‘ఇంటికెళ్లి చూసుకోండి, కండిషన్‌లోనే ఉంది’ అంటే దాన్ని పనిచేయని మిషను కిందే లెక్కేసి బేరం ఆడండి.

పాత మిషను చేతిలోకి తీసుకున్నాక ఏమేం చూడాలి?

కరెంటు పెట్టకముందే చాలా తెలుస్తుంది. పళ్లెం చేత్తో తిప్పండి, ఎక్కడా పట్టేయకుండా, గరగర లేకుండా చాలాసేపు తిరిగి ఆగాలి. తర్వాత పళ్లెం పైకెత్తి లోపల చూడండి. బెల్టు సాగి వదులైపోయిందా, లేక కరిగి తారులా మోటారు కప్పీకి అంటుకుపోయిందా? అంటుకుపోయినా కంగారు లేదు, స్పిరిట్‌తో తుడిచి కొత్తది వేస్తే సరి. బెల్టు బదులు రబ్బరు చక్రం ఉంటే దాన్ని గోటితో నొక్కండి. మెత్తగా దిగితే మంచిది, రాయిలా ఉంటే పాటతో పాటు గుర్రుమనే చప్పుడు కూడా వస్తుంది, ఆ చక్రం బెల్టు దొరికినంత తేలిగ్గా దొరకదు.

ఆర్మ్‌ని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా పైకీ కిందకీ, పక్కకీ కదపండి. స్వేచ్ఛగా తిరగాలి, కానీ మొదలు దగ్గర లొడలొడ ఊగకూడదు. ఊగిందంటే ఆ మిషను అక్కడే వదిలేయండి, మిగతావన్నీ బాగున్నా సరే, ఎందుకంటే బెల్టు, ముల్లు, తీగలు అన్నీ మార్చుకోవచ్చు గానీ ఆర్మ్ బేరింగ్ బాగుచేయగలవాళ్లు బహు తక్కువ. ఆర్మ్ వెనకవైపు బరువు గుండు ఉందో లేదో చూడండి. అది లేకుండా అమ్మేవి కూడా ఉంటాయి, అదొక్కటే విడిగా వెతకడం పెద్ద తలనొప్పి. ఆటోమేటిక్ మిషను అయితే లోపల గ్రీజు ఏళ్ల తరబడి గట్టిపడి ఆర్మ్ సగంలో ఆగిపోవచ్చు. బలవంతంగా తోయకండి, పళ్ల చక్రాలు విరుగుతాయి. శుభ్రం చేసి కొత్త గ్రీజు పెడితే చాలావరకు కదులుతుంది.

కరెంటు పెట్టాక ముందు పైనున్న లోహం భాగాలకి టెస్టర్ ఆనించి చూడండి. వెలిగితే చేయి పెట్టొద్దు. ఆ తర్వాత రెండు స్పీకర్లలోనూ పాట వస్తోందా, కుడివైపు ఒకటే వస్తోందా చూడాలి.

అన్నిటికంటే ముఖ్యం, డబ్బులిచ్చే ముందు కార్ట్రిడ్జ్ మీద పేరు, నంబరు చదివి దానికి ముల్లు ఇప్పుడు దొరుకుతుందో లేదో అక్కడే నిలబడి ఫోన్‌లో వెతకండి. పాత మిషన్లలో ఎన్నో షూర్ కార్ట్రిడ్జ్‌లు ఉంటాయి, ఆ కంపెనీ 2018లో వీటి తయారీ ఆపేసింది. జపాన్‌కి చెందిన జికో లాంటివాళ్లు వాటికి సరిపోయే ముళ్లు చేస్తున్నారు గానీ ధర మీరు మిషనుకి పెట్టినంత ఉండొచ్చు. అలాంటప్పుడు పాత కార్ట్రిడ్జ్ తీసేసి కొత్త వీఎం95 బిగించడమే తెలివైన పని, ఆర్మ్ కొసన రెండు స్క్రూలు, నాలుగు రంగు తీగలు, అంతే పని.

ఇంట్లో హెచ్‌ఎంవీ ఫియెస్టా ఉంది, నలభై ఏళ్లుగా వాడలేదు. బాగుచేయిస్తే ఎల్పీలు వేసుకోవచ్చా?

ఫియెస్టా, కాలిప్సో, ఫిలిప్స్ వాళ్ల చిన్న ప్లేయర్లు, వీటి మీద మమకారం సహజం. మోటారు తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, పాట మాత్రం రాదు. మామూలుగా దోషి కార్ట్రిడ్జ్. ఆ కాలం చౌక కార్ట్రిడ్జ్‌ల్లో రోషెల్ సాల్ట్ అనే స్ఫటికం ఉండేది, అది గాలిలో తేమ పీల్చుకుని చచ్చిపోతుంది. కాకినాడ, విశాఖల్లో ఉన్న మిషన్లకి ఇది మరీ ఎక్కువ. దానికి బదులు సిరామిక్ కార్ట్రిడ్జ్ వేయించుకుంటే మళ్లీ పాడుతుంది. కొన్నిటిలో ముల్లు పక్కన చిన్న పుల్లలాంటి మీట ఉంటుంది, దాన్ని తిప్పితే ఒకవైపు 78 మొన, రెండోవైపు ఎల్పీ మొన కిందకి వస్తుంది. అది సరైన వైపు ఉందో లేదో చూసుకోకుండా వేయకండి.

నా సలహా, దాన్ని బాగుచేయించండి, అరిగిపోయిన ఈపీలకీ, ఇంటికొచ్చినవాళ్లకి చూపించడానికీ వాడండి. మంచి ఎల్పీలు మాత్రం దాని మీద వేయకండి.

ఇత్తడి గొట్టం గ్రామఫోన్ ఆన్‌లైన్‌లో కనబడింది, పాతదేనా?

దాదాపుగా కాదు. మెరిసే ఇత్తడి గొట్టం, దాని మీద కొత్తగా అంటించిన కుక్క బొమ్మ, నున్నటి కొత్త చెక్క పెట్టె ఉన్నవి మన దేశంలోనే అలంకరణ కోసం తయారవుతున్నాయి. నిజమైనవి కూడా 78లకే, ఉక్కు ముల్లుతో, చేతి తాళంతో. వాటి సౌండ్‌బాక్స్ (ముల్లు ఉండే గుండ్రటి భాగం) బరువు ఐదారు గ్రాములు కాదు, వంద గ్రాముల పైమాటే. వినైల్ రికార్డు (ఎల్పీ, ఈపీ) పెట్టారంటే ముల్లు గాడిని దున్నేస్తుంది.

మరి 78లు వేసుకోవాలంటే ఏం కొనాలి?

రెండు కావాలి. 78 వేగం, 78 ముల్లు. వేగం ఒక్కటే ఉంటే చాలదు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఎల్పీ ముల్లు మొన వ్యాసార్ధం ఇంచుమించు 18 మైక్రాన్లు, 78 గాడికి కావాల్సింది 76 మైక్రాన్ల దాకా. సన్న ముల్లు పెడితే అది గాడి గోడల మీద కూర్చోకుండా అడుగున మట్టిలో దొర్లుతుంది. పాట వెనక్కి, గరగర ముందుకి వస్తాయి. పైగా ముల్లు కూడా పాడవుతుంది.

ఈ పనికి నాకు తెలిసి కొత్తవాటిలో తేలికైన దారి ఆడియో-టెక్నికా ఎల్పీ120ఎక్స్. మూడు వేగాలూ ఉన్నాయి, డైరెక్ట్ డ్రైవ్, లోపల ప్రీయాంప్ ఉంది, వద్దనుకుంటే స్విచ్‌తో ఆపేయొచ్చు. ఇందాక చెప్పిన వీఎం95 కార్ట్రిడ్జ్‌తోనే వస్తుంది, దాని 78 ముల్లు విడిగా కొంటే ఐదు నిమిషాల్లో మార్చుకుని వినొచ్చు. ఆ ముల్లుకి ఐదు గ్రాముల బరువు కావాలి, ఎల్పీ ముల్లుకేమో రెండు. ఆర్మ్ మీది అంకెలు అంతదాకా ఉండకపోవచ్చు కాబట్టి ఆన్‌లైన్‌లో దొరికే చిన్న డిజిటల్ త్రాసు కొనుక్కోండి. ముల్లు మార్చిన ప్రతిసారీ బరువు చూసుకోవాలి, మర్చిపోయి ఐదు గ్రాములతో ఎల్పీ వేస్తే సూట్‌కేసు ప్లేయర్‌కీ దీనికీ తేడా లేదు. మిషను, ముల్లు, త్రాసు కలిపి బడ్జెట్ నలభై వేలు దాటుతుంది, దానికి సిద్ధపడాలి. 78లు పదో పన్నెండో మాత్రమే ఉంటే ఈ ఖర్చు పెట్టకండి, ఆ రికార్డులు పట్టుకుని ఇలాంటి మిషను ఉన్నవాళ్ల ఇంటికి వెళ్లి కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. దీనికి యూఎస్‌బీ కూడా ఉంది.

అమెరికాలో మా అబ్బాయి పాత సామాన్ల కొట్లో మంచి మిషను చూశాడు. తెప్పించుకోవచ్చా?

తెప్పించుకోవచ్చు, కానీ ముందు దాని మోటారు ఏ రకమో అడగండి. చాలామంది వోల్టేజీ ఒక్కటే చూస్తారు: అక్కడ 120, ఇక్కడ 230, ట్రాన్స్‌ఫార్మర్ పెడితే సరిపోయిందనుకుంటారు. సరిపోదు. అక్కడి కరెంటు సెకనుకి 60 సార్లు మారుతుంది, మనది 50 సార్లు. పాత బెల్టు మిషన్లు, రబ్బరు చక్రం మిషన్లు ఎన్నిటిలోనో మోటారు వేగం ఆ 60 మీదే ఆధారపడి ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ తగ్గిస్తుంది గానీ ఫ్రీక్వెన్సీ మార్చదు. అలాంటి మిషను ఇక్కడ పెడితే 33 కాస్తా 28కి పడిపోతుంది, పాట మూడు స్వరస్థానాలు కిందకి దిగి, ఆడగొంతు కూడా బరువెక్కి నిద్రమత్తులో పాడుతున్నట్టు ఉంటుంది. దీనికి విరుగుడు 50 హెర్ట్జ్ కప్పీ, కొన్ని మోడళ్లకి దొరుకుతుంది, కొన్నిటికి దొరకదు.

డైరెక్ట్ డ్రైవ్, డీసీ మోటారు ఉన్నవాటికి ఈ బాధ లేదు, వోల్టేజీ మార్చుకుంటే చాలు. జపాన్ నుంచి వచ్చినవాటికి 100 వోల్టులని గుర్తుంచుకోండి, 120కి మార్చే ట్రాన్స్‌ఫార్మర్ వాటికి ఎక్కువ అవుతుంది. ఇప్పటి కొత్త మిషన్లలో చాలావాటికి బయట చిన్న అడాప్టర్ ఉంటుంది, దాని మీద 100-240 అని రాసి ఉంటే ఎక్కడైనా పనిచేస్తుంది.

సామాన్లలో పెట్టేటప్పుడు పళ్లెం తీసి విడిగా చుట్టమనండి, వెనక గుండు తీసేయాలి, ఆర్మ్‌ని దారంతో స్టాండుకి కట్టాలి, ముల్లు మీద తొడుగు పెట్టాలి. పళ్లెం మీదనే ఉంచి పంపితే విమానం దిగేసరికి బేరింగ్ వంగి ఉంటుంది. బట్టల మధ్య పెట్టాం కదా అంటే కుదరదు.

పాట కొంచెం తొందరగా తిరుగుతున్నట్టుంది. నా చెవుల భ్రమేనా?

సంగీతం తెలిసినవాళ్లు ఈ తేడా ఇట్టే పట్టేస్తారు, వేగం ఆరు శాతం పెరిగితే శ్రుతి ఒక స్వరస్థానం పైకి వెళుతుంది. ఎల్పీ వేసి, అంచు దగ్గర చిన్న కాగితం ముక్క అంటించి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని వంద చుట్లు లెక్కపెట్టండి. సరిగ్గా మూడు నిమిషాలు పట్టాలి. ఒకటి రెండు సెకన్ల తేడా పట్టించుకోవాల్సిన పనిలేదు. 175 సెకన్లకే వంద అయిపోతే దాదాపు అర స్వరస్థానం ఎక్కువ ఉన్నట్టు, వయొలిన్ పట్టుకుని రికార్డుతో కలిపి వాయించేవాళ్లకి అది నరకం. కొన్ని మిషన్ల అడుగున మోటారు దగ్గర చిన్న కన్నంలో వేగం సరిచేసే స్క్రూ ఉంటుంది. నెమ్మదిగా తిరుగుతుంటే ముందు బెల్టుని అనుమానించండి.

ముల్లు ఎన్నాళ్లకి మార్చాలి?

మొన ఆకారాన్ని బట్టి. ఆడియో-టెక్నికా తన వీఎం95 ముళ్లలో గుండ్రటిదానికి 500 గంటలు, ఎలిప్టికల్‌కి (కోల మొనకి) 300 గంటలు చెబుతుంది. రోజుకో ఎల్పీ వింటే ఏడాది చిల్లర నుంచి రెండేళ్లు. ‘స’, ‘ష’ అక్షరాలు ఉమ్మినట్టు చీలి వినబడటం మొదలైతే లెక్కలు పక్కనపెట్టి మార్చేయండి. పాత మిషనుతో వచ్చిన ముల్లుని, అది ఎంత బాగుందని అమ్మినవాడు చెప్పినా, నమ్మకండి. దుమ్ము తుడిచేటప్పుడు మెత్తటి కుంచెతో వెనక నుంచి ముందుకి మాత్రమే లాగాలి, పక్కకి లాగితే విరుగుతుంది.

ఇంట్లో ఎక్కడ పెట్టాలి?

స్పీకర్లున్న బల్ల మీద మాత్రం వద్దు. స్పీకరు అదురు ముల్లుకి చేరి, అది మళ్లీ స్పీకరులోంచి వచ్చి, చివరికి హోరు మొదలవుతుంది. మన పాత ఇళ్లలో గోడలో కట్టిన కడప బండ షెల్ఫులున్నాయే, వాటికంటే మంచి చోటు లేదు. బండ కదలదు, పిల్లలు పరుగెత్తినా అదరదు. లోతు మాత్రం కొలుచుకోండి, ఎల్పీ120ఎక్స్ లాంటివి 35 సెంటీమీటర్ల లోతు ఉంటాయి, వెనక తీగలకి ఇంకో నాలుగు వేళ్లు కావాలి, మూత పైకి తెరుచుకోవాలంటే పైన కూడా ఖాళీ ఉండాలి. మేస్త్రీల దగ్గర ఉండే రసమట్టం పళ్లెం మీద పెట్టి నాలుగు వైపులా సమంగా ఉందో లేదో చూసుకోండి.

రికార్డులు బూజుపట్టాయి. ఎలా శుభ్రం చేయాలి?

ఇన్వర్టర్ బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, మెత్తటి బట్టతో గాడి వెంబడి గుండ్రంగా తుడిచి, మళ్లీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి, నీడలో నిలబెట్టి ఆరబెట్టండి. లేబుల్ తడవనివ్వొద్దు. వినైల్‌కి మరీ మొండి బూజైతే ఆ నీళ్లలో కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలుపుతారు. 78లకి మాత్రం ఏ రకం స్పిరిట్ తగలకూడదు, లక్క అందులో కరిగిపోతుంది, రికార్డు తెల్లారేసరికి నల్ల మరకగా మారుతుంది. కొబ్బరినూనె, కిరసనాయిలు లాంటివి దేనికీ రాయొద్దు. బూజు పట్టిన లోపలి కాగితం కవర్లు పారేసి కొత్తవి వేయండి. రికార్డులు నిలబెట్టి పేర్చండి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకండి, మే నెలలో కారులో వదిలేయకండి. విజయవాడ ఎండకి ఎల్పీ అప్పడంలా లేవడానికి మధ్యాహ్నం ఒకటి చాలు.

బ్లూటూత్ ఉన్నది కొంటే తప్పా?

తప్పేం లేదు. సోనీ పీఎస్-ఎల్ఎక్స్310బీటీ లాంటివి తీగ లేకుండా కూడా పనిచేస్తాయి, తీగతో కూడా. పాట డిజిటల్‌గా మారి వెళుతుంది కాబట్టి కొందరు ముఖం చిట్లిస్తారు. వంట చేసుకుంటూ వినడానికి బ్లూటూత్, కూర్చుని వినేటప్పుడు తీగ, ఇలా రెండూ వాడేవాళ్లే ఎక్కువ.

ఉన్న డబ్బు ఎలా పంచుకోవాలి?

పాతిక వేలుంటే, పదిహేను చిల్లరకి కొత్త ఆటోమేటిక్ మిషను, ఎనిమిది, పది వేలకి పవర్డ్ స్పీకర్లు. మొత్తం మిషను మీదే పెట్టేసి ఇంట్లో ఉన్న టీవీ స్పీకర్లకి కలిపితే ఆ డబ్బంతా ఎక్కడ పోయిందో కూడా తెలియదు. స్పీకర్లు ముందే ఉంటే వీఎం95 కార్ట్రిడ్జ్ ఉన్న మిషను వైపు వెళ్లండి. పాతది కొనేవాళ్లు తమ దగ్గరున్న డబ్బులో సగమే కొనడానికి ఖర్చుపెట్టి, మిగతా సగం ముల్లుకీ బెల్టుకీ ఉంచుకోవాలి.

రిపేరు చేసేవాళ్లు దొరుకుతారా?

పెద్ద ఊళ్లలో పాత రేడియో, యాంప్లిఫయర్ మెకానిక్‌లు ఇంకా ఉన్నారు. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే ఎవరో ఒకరు దారి చెబుతారు. వాళ్లకి మోటారు, స్విచ్చులు, తీగలు బాగా వచ్చు, కార్ట్రిడ్జ్ సరిగ్గా బిగించడం, బరువు చూడటం మాత్రం మీరే నేర్చుకోండి. ఇచ్చేముందు ముల్లు తీసి ఇంట్లోనే పెట్టుకోండి. బెల్టు కూడా మీరే తెచ్చి ఇవ్వడం మంచిది. మోడల్ నంబరుతో దొరక్కపోతే బెల్టు వెళ్లే దారి వెంబడి దారం చుట్టి, విప్పి స్కేలుతో కొలిచి, ఆ పొడవుకంటే ఐదు శాతం తక్కువున్నది ఆర్డర్ పెట్టండి.